చూపు ఆనినంత మేర

నర్సమ్మ చేతులు వణకడం మొదలై నెలన్నర అయింది. సూది వేసేటప్పుడు వణికేవి కావు, కాన్పు చేసేటప్పుడూ వణికేవి కావు. వ్యాను స్టీరింగు పట్టుకుని కొండ దిగుతుంటే మాత్రం, మూడో మలుపు దాటేసరికి వేళ్ళ కొసల నుంచి మోచేతుల దాకా చలిజ్వరం వచ్చినట్టు వణికేవి.

కొండ మీద ఆరోగ్య కేంద్రంలో ఉన్నది ముగ్గురే. డాక్టరు, మందులిచ్చే ఆయన, ఈమె. డ్రైవరు ఉద్యోగం ఖాళీ అయి రెండేళ్ళయినా కొత్తవాణ్ణి వేయలేదు. లైసెన్సు ఉన్న పాపానికి వ్యాను ఆమె మెడకు చుట్టుకుంది. రోజూ పొద్దున్నే పరీక్షకు పంపే రక్తం సీసాలు పెట్టెలో సర్దుకుని, వారానికి రెండుసార్లు స్కానింగుకు వెళ్ళే గర్భిణులను ఎక్కించుకుని, పంతొమ్మిది మలుపులు దిగి కింద పెద్దాసుపత్రికి వెళ్ళి రావాలి. దిగేటప్పుడు ఎడమ పక్క కొండ, కుడి పక్క లోయ. వెళ్ళగా వెళ్ళగా ఆ దారి వంటగదిలా అలవాటైపోయింది. కళ్ళు మూసుకుని దిగగలనని ఒకసారి మొగుడితో గొప్పలు కూడా పోయింది.

నెలన్నర కిందట పదకొండో మలుపులో కలప లారీ ఎదురొచ్చింది. వచ్చింది దాని పక్కన కాదు, ఈమె పక్కన. కొండ ముక్కు దాటీ దాటగానే అద్దం నిండా లారీ ముఖమే. స్టీరింగు ఎడమకు ఎలా తిప్పిందో ఆమెకు గుర్తు లేదు. రాయికి రాసుకుని పక్క అద్దం ఎగిరిపోయింది. లారీ హారను కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. దిగి చూసుకుంటే వ్యానుకూ రాయికీ మధ్య గోరు పట్టే సందు కూడా లేదు. సీసాల్లో ఒక్కటీ పగల్లేదు. ఆమే అక్కడ కూర్చుని కడుపులో ఉన్నదంతా కక్కుకుంది.

ఆ రోజు నుంచి రాయిని వదిలి రావడం మానేసింది. ఎడమ మలుపు వచ్చిందంటే పిల్ల తల్లి కొంగు పట్టుకున్నట్టు కొండను పట్టుకుని పోయేది. అలా పోతే ఎదురొచ్చేవాడికి అందనని ఆమె లెక్క. అయినా వణుకు తగ్గలేదు సరికదా, పెరిగింది. మొగుడు బళ్ళో లెక్కల మాస్టారు. మానెయ్యమన్నాడు. మానేస్తే గర్భిణులు బస్సు కోసం రోడ్డు మీద నిలబడాలి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు కాబట్టి మాట అక్కడితో ఆగిపోయింది.

ఆమె మేనమామ ఇరవయ్యారేళ్ళు ఫైరింజను నడిపి, ఆ తర్వాత ఎనిమిదేళ్ళు కొత్త డ్రైవర్లకు నేర్పిన మనిషి. నిప్పు అంటుకున్న ఇంటికి పోతూ కూడా "మెల్లిగా" అంటాడని తోటివాళ్ళు ఆయనకు 'మెల్లిగా మావయ్య' అని పేరు పెట్టారు. మోకాలికి ఆపరేషను అయ్యాక బండి ముట్టలేదు. సంగతి చెవిన పడగానే ఒక ఆదివారం చేతికర్ర పట్టుకుని వచ్చి, కొండ దింపి తీసుకెళ్ళమన్నాడు. దారి పొడుగునా నోరు విప్పలేదు. కిందకు చేరాక ఇంజను ఆపించి అప్పుడు మొదలుపెట్టాడు.

"అమ్మడూ, ఎడమ మలుపులో రాయికి అతుక్కుంటున్నావు. ఎందుకు?"

"భయం వేస్తోంది మావయ్యా."

"భయపడి నువ్వు దాక్కుంటున్న చోటే ఏమీ కనపడని చోటు. రాయి పక్కన ఉన్నవాడికి రాయే కనిపిస్తుంది. అవతల ఏముందో ముక్కుకు తగిలేదాకా తెలీదు."

తర్వాత ఆయన ఆసుపత్రి ముందున్న ఇసుకలో కర్రతో గీసి చూపించాడు. ఎడమ మలుపు వస్తుంటే ముందే వేగం తగ్గించి, కుడికి జరిగి, మధ్య గీతకు కొంచెం ఇవతలగా ఉండాలి. గీత దాటకూడదు. అక్కడి నుంచి చూపు మలుపు లోపలికి నాలుగు బారలు ఎక్కువ ఆనుతుంది. ఎదురుగా ఎవడైనా కనిపించాడా, చూపు సంగతి వదిలేసి ఎడమకు వచ్చెయ్యాలి. ప్రాణం కన్నా చూపు ఎక్కువ కాదు. కుడి మలుపైతే దీనికి తిరగేసి, ఎడమ అంచున ఉండాలి. పైకి వచ్చేవాళ్ళకు ఎడమ అంచు అంటే లోయ. దాన్ని చూసి జడుసుకుని రోడ్డు మధ్యలోకి వచ్చేస్తారు, ఆ లారీవాడు చేసిందీ అదే అన్నాడు.

"దూరంగా రోడ్డు రెండు అంచులూ కలిసిపోయినట్టు కనిపిస్తాయే, ఆ చోటు మీద కన్ను పెట్టు. అది నీ మీదకు వస్తుంటే వేగం తగ్గించు. నీకన్నా ముందు పరిగెడుతుంటే పోనివ్వు. ఎప్పుడైనా సరే, నీకు కనిపించినంతలో ఆగగలగాలి. ఆపైన ఎంత తొందరున్నా మనది కాదు."

నాలుగు ఆదివారాలు నేర్పాడు. నాలుగు ఆదివారాలూ ఆమె ప్రాణాలు అరచేతిలో పెట్టుకునే నడిపింది. రాయిని వదిలి మధ్య గీత వైపు జరగడమంటే, ఆ లారీకి ఎదురెళ్ళి నిలబడినట్టే ఉండేది. ఎన్నాళ్ళకు పోతుంది మావయ్యా ఈ భయం అని అడిగితే, తనకు ముప్పై నాలుగేళ్ళలో పోలేదని, భయం పోయినవాళ్ళను ఇద్దరిని తనే వెళ్ళి శవాలుగా బయటకు తీశానని చెప్పాడు. ఆ మాట ఆమెకు ధైర్యాన్నేమీ ఇవ్వలేదు.

ఆ తర్వాతి మంగళవారం చినుకులు పడుతున్నాయి. స్కానింగుకు ఎనిమిదో నెల గర్భిణి ఒకామె, తోడు ఆమె అత్తగారు ఎక్కారు. కోడలు నోట్లో నాలుక లేని పిల్ల. ఆ లోటు అత్తగారు తీర్చేది. నాలుగో మలుపు దగ్గరే మొదలుపెట్టింది.

"ఏమ్మా నర్సమ్మా, బిడ్డ వ్యానులోనే పుట్టి నడక కూడా నేర్చుకునేట్టుందే మనం వెళ్ళేలోపు."

నర్సమ్మ నవ్వలేదు. ఆమె కన్ను రోడ్డు అంచులు కలిసే చోటు మీదే ఉంది. చేతులు చెమటకు జారుతుంటే ఒకటొకటిగా చీరకు తుడుచుకుంటోంది. వైపర్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. పదో మలుపు అయింది. పదకొండోది ఎడమకు తిరిగేది. నల్లగా తడిసిన కొండ ముక్కు రోడ్డు మీదకు పొడుచుకొచ్చి కనిపించింది. ఆమె కాలు బ్రేకు మీదకు పోయింది. గేరు తగ్గించింది. ఒంట్లో ప్రతి నరమూ రాయి దగ్గరకు పొమ్మంటుంటే, పళ్ళు బిగబట్టి మధ్య గీత ఇవతలకు జరిగింది. అంచులు కలిసే చోటు ఆమె మీదకే వస్తోంది, ఆగకుండా వస్తోంది. ఇంకొంచెం నొక్కింది. వేగం మనిషి పరుగుకు దిగింది.

"దిగి తోయమంటావా?" అంది అత్తగారు వెనక నుంచి.

కొండ ముక్కు పక్కకు తొలిగింది. దాని వెనక రోడ్డు లేదు. బస్సు ఉంది. చెడిపోయి, దీపాలు ఆరిపోయి, ఆమె దారికి అడ్డంగా నిలబడిపోయిన బస్సు. దాని చుట్టూ రోడ్డు నిండా మనుషులు. సంచులు దింపుకుంటూ ఒకడు, గొడుగు తెరుస్తూ ఒకతె, టైరు పక్కన చతికిలబడి ఒక ముసలాయన.

ఆమె బ్రేకు నొక్కింది. తడిరోడ్డు మీద వ్యాను ఒక్క క్షణం జారి, పట్టు దొరికి, ఆ ముసలాయనకు పది అడుగుల ఇవతల ఆగింది. ఆయన తలెత్తి చూసి, మళ్ళీ దించుకున్నాడు.

అత్తగారి నోరు పడిపోయింది. నర్సమ్మకు మాత్రం గండం గడిచిందన్న ఊరట అరక్షణం కూడా నిలవలేదు. ఇప్పుడు మలుపు వెనక ఆగి ఉన్నది తన బండి. పై నుంచి వచ్చేవాడు రాయి పట్టుకుని వస్తే?

దీపాలు మినుకుమినుకుమనేలా వేసింది. కోడల్ని చెయ్యి పట్టి దింపి, బస్సు దాటి కిందకు నడవమంది. యాభై అడుగుల అవతల రోడ్డు వెడల్పైన చోటుంది, అక్కడే ఆగమంది. అత్తగారు సంచి కోసం వెనక్కి తిరగబోతే, సంచి పోతే పోయింది, నడవండి అని ఎప్పుడూ లేనంత గట్టిగా అరిచింది. బస్సు కండక్టరు రిపేరు గురించి ఏదో చెప్పబోయాడు. అది తర్వాత, ముందు మీ జనాన్ని అటు తోలండి అని, సీటు కింద నుంచి, ముందు బండి ఆగి ఉందని హెచ్చరించే ఎర్ర త్రికోణం లాక్కుని, పైకి పరుగెత్తింది.

లోయ అంచునే పరుగెత్తింది. పై నుంచి వచ్చేవాడికి ముందుగా కనపడేది ఆ అంచే. చెప్పులు జారుతుంటే వదిలేసింది. ఎడమచేతి పక్కన రెండు అడుగుల్లో నేల లేదు. అటు చూడలేదు. అడుగులు లెక్కపెట్టుకుంటోంది. నలభై, యాభై, అరవై. డెబ్బై అనేసరికి పై నుంచి మోత వినిపించింది. బరువు మీద దిగే బండి, గేరులో మూలుగుతూ.

త్రికోణం రోడ్డు మీద నిలబెట్టబోతే గాలికి పడిపోయింది. మళ్ళీ నిలబెట్టింది, మళ్ళీ పడింది. దాన్నే చేత్తో ఎత్తి పట్టుకుంది. ఒంటి మీద తెల్లకోటు విప్పి రెండో చేత్తో ఊపుతూ నిలబడింది. పారిపోదామంటే ఒకపక్క లోయ, ఒకపక్క రోడ్డు.

పై మలుపులోంచి లారీ బయటకొచ్చింది. నిండా దుంగలు. అది ఆమెను చూసిందో లేదో తెలియదు. పెద్దదవుతోంది. ఆమె కళ్ళు మూసుకోలేదు. మూసుకుంటే బాగుండుననిపించింది. ఒక్కసారిగా బ్రేకులు కీచుమన్నాయి. దుంగలకు కట్టిన గొలుసులు ఖణేల్‌మన్నాయి. లారీ వెనక భాగం పక్కకు జరిగింది, లోయ వైపు, ఆమె వైపు. మళ్ళీ సర్దుకుంది. చక్రాల నీళ్ళు ఆమె ముఖాన కొట్టి, అది ఆమెను దాటి, జారుతూ జారుతూ మలుపులోకి పోయింది.

తర్వాత చప్పుడు వినిపించింది. డబ్బా తొక్కినట్టు. పెద్ద చప్పుడేం కాదు.

ఆమె అక్కడే కూలబడింది. వెళ్ళి చూడాలి, తను నర్సు, కానీ లేవలేకపోయింది. ఎవరైనా అరుస్తారేమోనని చెవులు రిక్కించింది. ఎవరూ అరవలేదు. ఆ నిశ్శబ్దమే ఎక్కువ భయపెట్టింది. చివరికి చేతులూ మోకాళ్ళూ ఆనించి లేచి, గోడ పట్టుకుని నడిచే జబ్బుమనిషిలా రాయి పట్టుకుని మలుపు తిరిగింది.

లారీ ఆగి ఉంది. దాని ముందు భాగం వ్యాను వెనక తలుపుల్లోకి మూరెడు దిగింది. తలుపులు చప్పిడైపోయి, వెనక సీటు మడతపడింది. అత్తగారు కూర్చున్న సీటు అది. వ్యాను జరిగి జరిగి బస్సుకు తగిలి నిలిచింది. ఈసారి రక్తం సీసాలు పగిలి, కింద ఎర్రగా కారుతుంటే చూసినవాళ్ళకు పై ప్రాణాలు పైనే పోయాయి. అవి సీసాలని ఆమె చెప్పాల్సి వచ్చింది. మనుషులంతా వెడల్పు చోట వానలో గుంపుగా నిలబడి ఉన్నారు. కోడల్ని ముసలాయన దింపిన మూట మీద కూర్చోబెట్టారు. నర్సమ్మ వెళ్ళి కడుపు మీద చెయ్యి పెట్టింది. లోపల బిడ్డ తన్నింది. అప్పుడు నర్సమ్మ ఏడ్చింది.

లారీ డ్రైవరు తల నెరిసిన మనిషి. నీళ్ళ సీసా తెచ్చి ఇచ్చాడు.

"మీరు ఇంకో ఇరవై అడుగులు కిందగా నిలబడి ఉంటే ఈ మాత్రమైనా ఆపలేకపోయేవాణ్ణమ్మా," అన్నాడు. "బరువు మీదున్నాను."

ఆమె తలూపింది.

ఇంకో జీపు వస్తే అందులో అత్తాకోడళ్ళను ఆసుపత్రికి పంపి, తనూ వెళ్ళింది. స్కానింగులో అంతా సవ్యంగానే ఉందన్నారు. అత్తగారు సాయంత్రం దాకా ఒక్క మాట మాట్లాడలేదు. అది చూసి కోడలు కంగారుపడి, మా అత్తయ్యకు కూడా ఏదైనా పరీక్ష చేయించండి అని నర్సమ్మను బతిమాలింది.

తిరిగి పైకి వెళ్ళడానికి ముగ్గురూ ఒక కారు మాట్లాడుకున్నారు. కుర్ర డ్రైవరు కాదు, నలభై దాటినవాడే, సరదా మనిషి. నర్సమ్మ ముందు కూర్చుంది. స్టీరింగు తన చేతిలో లేకపోవడం ఇంకా పెద్ద నరకమని రెండో మలుపులోనే తెలిసింది. కాలు దానంతటది లేని బ్రేకును నొక్కుతోంది. కుడి మలుపు వచ్చిన ప్రతిసారీ అతను లోయకు దూరంగా, మధ్య గీత మీదకు వచ్చేస్తున్నాడు.

"బాబూ, కొంచెం ఎడమకు జరగండి," అంది.

అతను నవ్వాడు. "అటు లోయ ఉందండీ."

"ఉంది. చూస్తూనే ఉన్నాను. అయినా అటే జరగండి. ఇక్కణ్ణుంచి మీకు ఎదుటివాడు కనపడడు, వాడికి మీరు కనపడరు."

అతను ఏదో అనబోయి ఆమె వైపు తిరిగాడు. ముందుకు చూడండి అని ఆమె మెల్లగా చెప్పింది. వెనక నుంచి అత్తగారు పొద్దుట్నుంచి మొదటిసారి నోరు విప్పింది.

"జరగవయ్యా. ఆవిడ చెప్పినట్టు జరుగు."

కారు ఎడమకు జరిగింది. కిటికీలోంచి కిందకు చూస్తే చెట్ల తలలు, వాటి కింద ఇంకా చెట్ల తలలు. నర్సమ్మ రెండు చేతులతో సీటు అంచు పట్టుకుని, రోడ్డు అంచులు కలిసే చోటు మీదే కన్ను పెట్టి కూర్చుంది. ఇంకా పదిహేను మలుపులున్నాయి.