ఏ తాళం బావా?

పెద్ద రోడ్డెక్కితే ఆ కారుకు వంక పెట్టడానికి లేదు, బాణంలా దూసుకుపోతుంది. చిక్కంతా ఆగినప్పుడే. సిగ్నల్ దగ్గర నిలబడితే చాలు, చలిజ్వరం తగిలినట్టు గజగజ వణికి, దగ్గి దగ్గి చటుక్కున ఆగిపోతుంది. వెనక హారన్లు, తిట్లు. పరిగెత్తడమే తప్ప కుదురుగా నిలబడటం చేతకాని బండి కూడా ఒక బండేనా? పోనీ అది ఏ అనామకుడిదో అనుకుందామా అంటే, ఊళ్లో సగం ఇంజన్లకు వైద్యం చేసిన పెద్దమేస్త్రిదాయె!

ఆ పెద్దమేస్త్రి షెడ్డులోనే ఆయన బామ్మర్ది పని నేర్చుకున్నాడు. జుట్టు సగం నెరిసినా ఇప్పటికీ అందరికీ అతను చిన్నమేస్త్రే. అందుకు అతనేమీ చిన్నబుచ్చుకోలేదు. ఏ బండి మొరాయించినా బావను పిలిస్తే సరిపోయేది. బావ బానెట్ మీద చెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, కాసేపు విని, మూడోది తాళం తప్పుతోందిరా అనేవాడు. మూడో సిలిండర్ విప్పి చూస్తే రోగం అక్కడే ఉండేది. ఇంజన్ చప్పుడును ఆయన పాటలాగే వినేవాడు.

అలాంటి మనిషికి పక్షవాతం కొట్టింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాటలన్నీ పోయి ఒక్కటంటే ఒక్కటే మిగిలింది. తాళం. ఆకలేస్తే తాళం, ఉక్కపోస్తే తాళం, ఎవరైనా పలకరిస్తే తాళం. ఒక్కోసారి మాత్రం ఊరికే అనడు. ఎదుటివాళ్ల చెయ్యి పట్టుకుని, కళ్లలోకి చూస్తూ, బతిమాలుతున్నట్టు అంటాడు. అప్పుడు చూడలేం. ఆ మాటకు అర్థం ఉండి తీరాలని లేదనీ, నాలుకకు దొరికింది అదొక్కటేననీ ఆస్పత్రిలో మాటలు నేర్పే డాక్టరమ్మ ఎంతో నచ్చజెప్పింది. ఆయన భార్య, అంటే చిన్నమేస్త్రి అక్క, వింటేనా!

"పనిలేని మాట మీ బావ ఏనాడన్నా మాట్లాడారా? ఏదో చెప్పాలని చూస్తున్నారు. మనకే అర్థం కావట్లేదు" అంది తమ్ముడితో.

ముందుగా ఆవిడ ఇంట్లో తాళాలన్నీ ఏరుకొచ్చి మంచం మీద పోసింది. బీరువావి, ట్రంకుపెట్టెవి, ఎప్పుడో అమ్మేసిన స్కూటర్‌ది కూడా. ఒక్కొక్కటే చేతికిచ్చి, ఇదేనాండీ, ఇదేనాండీ అని అడిగింది. ఆయన అన్నిటినీ ఎడమచేత్తో పక్కకు నెట్టేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అక్క ఆ తాళాలు ఏరుకుంటూ ఏడ్చింది.

అదిగో, సరిగ్గా అప్పుడే మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు కారు వణకడం మొదలెట్టింది. ఆస్పత్రికి తీసుకెళుతుంటే సిగ్నల్ దగ్గర ఇంజన్ గజగజలాడింది. బావ ముందుకు వంగి, ఎడమచేత్తో డాష్‌బోర్డు మీద కొడుతూ, తాళం తాళం అని అరిచాడు. వెనక సీట్లో అక్క, స్టీరింగ్ దగ్గర తమ్ముడు అద్దంలో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తాళం తప్పుతోంది! ఇన్నాళ్లూ ఇంట్లో తాళాలు వెతికాం, ఆయన చెబుతోంది ఇంజన్ తాళం గురించి! చిన్నమేస్త్రికి గుండెల మీంచి బండ దించినట్టయింది. ఆ రోగమేదో పట్టుకుంటే బావ మాట అర్థమైనట్టే. బావ మాట అర్థమైతే ఆయన ఇంకా మన మధ్యే ఉన్నట్టు. అతని లెక్క అది.

కారును షెడ్డులో పెట్టాడు. పక్కనే కుర్చీ వేసి బావను కూర్చోబెట్టాడు. ప్లగ్గులు మార్చాడు. కాయిల్స్ ఒక్కొక్కటే పీకి చూశాడు. పెట్రోలు ఫిల్టర్ కొత్తది వేశాడు. తాళం అంటే తాళంచెవి పెట్టే చోటేమోనని, నవ్వుతారన్న సిగ్గు కూడా లేకుండా, ఆ స్విచ్చి సైతం విప్పి మార్చాడు. స్కానర్ తగిలిస్తే అది గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అంది తప్ప ఆ గాలి ఎటునుంచి దూరుతోందో చెప్పలేదు. పాత ఖాతాదారు ఒకాయన వచ్చి, గురువును పక్కన పెట్టుకుని తడుముకుంటున్నావేమయ్యా అని వేళాకోళమాడి పోయాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏ పని చేసినా తలెత్తి బావవైపు చూడటం, బావ తాళం అనడం, మళ్లీ మొదటికి రావడం.

ఒక మధ్యాహ్నం అతనికి ఓపిక నశించింది. స్పానర్ విసిరికొట్టాడు.

"ఏ తాళం బావా? ఏ తాళం? అన్నీ విప్పాను. ఇంక విప్పడానికి ఏముంది, నన్ను విప్పనా?"

బావ ఉలిక్కిపడ్డాడు. పెదవి ఒకవైపే వణికింది. ఎడమచెయ్యి ఒళ్లోకి ముడుచుకున్నాడు, దెబ్బ తిన్న పిల్లాడిలా. చిన్నమేస్త్రి వెళ్లి ఆయన కాళ్ల దగ్గర చతికిలపడ్డాడు. తప్పయిపోయింది బావా అన్నాడు. బావ అతని తల మీద చెయ్యి వేసి, మెల్లగా, ఎంతో ఓర్పుగా, తాళం అన్నాడు.

చివరికి దొరికింది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే అదే. నడుస్తున్న ఇంజన్ చుట్టూ క్లీనర్ స్ప్రే కొడుతూ పోతుంటే, వెనకవైపు ఒకచోట అది లోపలికి దూరి చప్పుడు ఠక్కున మారింది. ఇంజన్‌లో ఆవిరిని తిరిగి లోపలికి తీసుకెళ్లే రబ్బరు పైపు, చూపు ఆనని అడుగుభాగాన చీలింది. ఆ చీలిక మీద వేలు పెడితే ఇంజన్ నిద్రపోయిన పసిపాపలా సర్దుకుంది. వేలు తీస్తే మళ్లీ వణుకు. వేగంగా పోయేటప్పుడు ఎలాగూ బోలెడు గాలి లోపలికి పోతుంది కనుక ఈ దొంగగాలి లెక్కలోకి రాదు. నిదానం మీద ఉన్నప్పుడే అది ప్రాణం తీస్తుంది.

కొత్త పైపు వేశాక అక్కకు కబురు పెట్టాడు. ఆవిడ పరుగున వచ్చింది. బానెట్ మీద పెట్టిన నీళ్లగ్లాసులో నీళ్లు కదలకపోవడం చూసి చప్పట్లు కొట్టింది. చీలిన పైపు తెచ్చి భర్త ఒళ్లో పెట్టింది.

"ఇదేనాండీ? ఇన్నాళ్లూ మీరు చెప్పింది దీని గురించేనా?"

బావ పైపును చూశాడు. భార్యను చూశాడు. ఆవిడ నవ్వి ఎన్నాళ్లయిందో. బామ్మర్దిని చూశాడు. తరువాత, అవునన్నట్టు తలూపాడు.

అక్క చిన్నపిల్లలా ఏడ్చేసింది. చిన్నమేస్త్రి కూడా కళ్లు తుడుచుకున్నాడు. ఆ క్షణంలో అతనూ నమ్మాడు, ఎందుకు నమ్మడు?

ఇంటికి వెళుతుంటే సిగ్నల్ పడింది. కారు చడీచప్పుడు లేకుండా నిలబడింది. చిన్నమేస్త్రి గర్వంగా పక్కకు చూశాడు. బావ నోరు తెరిచాడు. వెనక సీట్లో అక్క ఎవరితోనో ఫోన్‌లో, ఆయన మాట అర్థమైంది, అంతా తెలుస్తోంది ఆయనకు, అని సంబరంగా చెబుతోంది. బావ అది విన్నాడు. తెరిచిన నోరు మూసేశాడు. చిన్నమేస్త్రికి అప్పుడు అర్థమైంది. బావ చెప్పాలనుకున్నది ఇది కాదు. తమ మీద జాలిపడి ఒప్పుకున్నాడంతే.

ఆ రోజు నుంచి ఆయన ఆ మాట అనలేదు. ఆకలేసినా అనలేదు, ఉక్కపోసినా అనలేదు. పెట్టింది తింటాడు, పడుకోబెడితే పడుకుంటాడు. ఆయన మనసు కుదుటపడిందని అక్క అందరికీ చెప్పుకుంటోంది. కాదక్కా, మనం ఆయన చివరి మాట కూడా లాగేసుకున్నాం అని చెప్పడానికి తమ్ముడికి నోరు రాలేదు. ఎలా వస్తుంది?

ఒక ఆదివారం ఉదయం అలా తిరిగొద్దామని చెప్పి బావను కారులో కూర్చోబెట్టాడు. ఇంటి ముందే ఇంజన్ స్టార్ట్ చేశాడు. దిగి, బానెట్ ఎత్తి, తన చేతులతో బిగించిన ఆ పైపును తనే పీకేశాడు. కారు గజగజ వణికింది. పరుగున వచ్చి బావ పక్కన కూర్చున్నాడు.

"తాళం తప్పుతోంది బావా. విను. ఒక్కసారి అను. ఈసారి తొందరపడను. ఎన్నాళ్లయినా వెతుకుతాను."

వణుకుకు బావ తల ఊగుతోంది. ఆయన ఎదురుగా ఉన్న గేటువైపే చూస్తున్నాడు. ఇంజన్ దగ్గి ఆగిపోయింది. చిన్నమేస్త్రి మళ్లీ స్టార్ట్ చేశాడు. మళ్లీ ఆగిపోయింది.

"మళ్లీ మొదలైందా ఏంట్రా?" అని లోపల్నుంచి అక్క కేకేసింది.

"ఏం లేదక్కా. ఊరికే చూస్తున్నా" అన్నాడు అతను.