హామో పెట్టిన సొట్ట

నేను ఒక అల్యూమినియం గిన్నెను. నాజెలీ మొగుడి నెత్తిన నన్ను మోదితేనే నా అడుగున ఈ సొట్ట పడిందని పక్కింటి వార్సెనిక్ ఊరంతా చెప్పుకొచ్చిందట. రొట్టెల పొయ్యి దగ్గర ఆడవాళ్ళు అనుకుంటుంటే విన్నాను. పాపం, ఆ మొగుడు బతికున్నన్నాళ్ళూ నాజెలీ ఆయన మీద గరిటె కూడా ఎత్తలేదు. సొట్ట పెట్టిందెవరో వార్సెనిక్‌కి తెలుసు. ఆమె కన్నకొడుకే.

సోవియట్ రోజుల్లో ఫ్యాక్టరీలో పుట్టి, అర్మేనియా సరిహద్దు కొండల్లోని ఈ ఊరికి నాజెలీ పెళ్ళికానుకగా వచ్చాను. గోధుమలూ కోడిమాంసమూ కలిపి మెత్తగా హరీసా ఉడికించడం నా పని. ఒక ఏడు, పాత ప్రభుత్వం దిగిపోవాలని జనం వీధుల్లో గిన్నెలు మోగించారు. వార్సెనిక్ కొడుకు హామో తమ ఇంటి గిన్నెలు పాడవుతాయని నాజెలీని అడిగి నన్ను పట్టుకెళ్ళి, ఇనప గరిటెతో బాదాడు. ప్రభుత్వం పడింది. హామోకి రాజధానిలో కుర్చీ దొరికింది. నాకు సొట్ట మిగిలింది.

తర్వాత యుద్ధం. నాజెలీ కొడుకు ఆరెన్ పెట్టెలో ఇంటికొచ్చాడు. ఊరిపైన కొండవాలులో పాతిపెట్టారు. ఏటా ఈస్టర్ మర్నాడు, పోయినవాళ్ళను తలుచుకునే రోజున, నాజెలీ నా నిండా హరీసా వండి, గుడ్డ చుట్టి, వాడి దగ్గరికి మోసుకెళ్ళేది. చల్లారిపోతుందని దారిలో ఎక్కడా ఆగేది కాదు.

ఈ వసంతంలో, శాంతి ఒప్పందం కింద ఆ వాలు పొరుగు దేశానికి పోతోందన్నారు. కొత్త సరిహద్దు గీత గీసిన మహానుభావులు ఒక్కరూ ఆ వాలెక్కిన పాపాన పోలేదు. ఊరివాళ్ళు రోడ్డుకడ్డంగా ట్రాక్టర్లు పెట్టారు. నాజెలీ నన్ను బోర్లించి, ఆ పాత సొట్ట మీదే బాదింది. నొప్పి సంగతి అటుంచండి, నాకు ఒళ్ళు మండిపోయింది.

పోలీసుల వెనక నల్లకారు ఆగింది. హామో దిగాడు. గిన్నెల మోతతో దేశాలు నడవవని మాకు సుద్దులు చెప్పాడు. నన్ను చూశాడు. గుర్తుపట్టాడు. చూపు తిప్పుకున్నాడు. గుంపులో వార్సెనిక్ తల దించుకుంది.

"నాజెలీ అత్తా," అన్నాడు మెత్తగా, "శాంతి కావాలంటే ఎవరో ఒకరు కొంత వదులుకోవాలి కదా."

నాజెలీ చెయ్యి ఆగింది.

"నా వంతు ఆ వాలులో పాతిపెట్టానురా. నీ వంతేదో చెప్పు."