పేరు రాయని ముక్కలు

అమ్ముడుపోని సరుకు కొట్టువాడిదే. ముప్పై ఏళ్లుగా ఫ్రిజ్‌లు, ఫ్యాన్లు అమ్ముతున్న నాకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ ఆదివారం బడి హాల్లో మూడు వందల మంది ఎదుట నా పరువు పోవడానికి మూలం కూడా ఇదే.

నా చెల్లెలి కూతురు చిట్టికి నాలుగో ఏట రక్త క్యాన్సర్ వచ్చింది. రెండున్నరేళ్లు వైద్యం చేయించారు. పిల్ల నిలబడింది. అదే వార్డులో, అదే మందు వాడిన ఇద్దరు పిల్లలు నిలబడలేదు. ఒకరికి పనిచేసిన మందు ఇంకొకరికి ఎందుకు పనిచేయలేదని చెల్లెలు డాక్టరమ్మను అడిగింది. "తెలియదమ్మా. అది తెలుసుకోవడానికే పరిశోధన చేస్తున్నాం. చేతులు చాలడం లేదు," అందట ఆవిడ.

ఆ మాట పట్టుకుని చెల్లెలు మా బజారులో కొట్టు కొట్టుకూ ఒక రేకు డబ్బా పెట్టించింది. మొత్తం అరవై మూడు. ప్రతి నెలా మొదటి శనివారం తనే తిరిగి, కొట్టువాడి ఎదుటే సీలు తీసి, లెక్కపెట్టి, రసీదు రాసిచ్చేది. రెండేళ్లలో ఆ రసీదును రెండోసారి చదివినవాడు లేడు. అంత పరపతి నా కొట్టుకే లేదు.

ఈ ఏడు డాక్టరమ్మ తన ల్యాబులో ఒక సహాయకురాలిని పెట్టుకోవాలి. ఏడాది జీతం రెండు లక్షల నలభై వేలు. డబ్బాల్లో వచ్చింది లక్షా డెబ్బై ఐదు వేలు. అరవై ఐదు వేలు తక్కువ. నెలాఖరులోగా మాట ఇవ్వకపోతే ఆ అమ్మాయి వేరే ఉద్యోగంలో చేరిపోతుంది.

"అన్నయ్యా, లక్కీ డ్రా పెడదాం. నువ్వొక ఫ్రిజ్ ఇవ్వు. వెయ్యి టికెట్లు, ఒక్కోటి యాభై. తక్కువైంది ఎలాగోలా చూద్దాం," అంది చెల్లెలు.

ఇచ్చాను. ముప్పై ఎనిమిది వేల వస్తువు. మొహం నిండా నవ్వుతూనే ఇచ్చాను గాని, గోడౌన్‌లోంచి అది బయటికి వెళ్తుంటే దాని ఖరీదు మనసులో రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను.

శనివారం సాయంత్రానికి అమ్ముడుపోయినవి ఐదు వందల ఎనభై ఎనిమిది. వచ్చింది ఇరవై తొమ్మిది వేల నాలుగు వందలు. టికెట్‌లో సగం కొన్నవాళ్లకు ఇచ్చి, పేరూ నంబరూ ఉన్న సగం మేము ఉంచుకున్నాం. డ్రాలో వేసేది ఆ ముక్కలనే. మిగిలిన నాలుగు వందల పన్నెండు టికెట్లూ నా బల్లమీద ఉన్నాయి. వాటిమీద నంబరుంది, పేరు లేదు.

అప్పుడు నా బుర్ర తన పని తాను చేసింది. ఈ ఖాళీవి కూడా డ్రమ్ములో వేస్తే? అమ్ముడుపోని సరుకు మనదేగా. పదింట నాలుగు పాళ్లు ఖాళీ ముక్కే రావచ్చు. వస్తే గెలిచినవాడు ఎవడూ లేడు, ఫ్రిజ్ వెనక్కి వస్తుంది. దాన్ని అమ్మి ముప్పై ఎనిమిది వేలూ ల్యాబుకే ఇస్తే, టికెట్ల డబ్బుతో కలిపి అరవై ఐదు వేలకు పైన రెండు వేల నాలుగు వందలు మిగులు కూడా.

తప్పనిపించలేదా అంటే, అనిపించింది. అనిపించకపోతే గుమాస్తాను టీకి పంపి ఆ పని ఎందుకు చేస్తాను?

ఆదివారం పదిన్నరకల్లా హాలు నిండిపోయింది. వేదికమీద ఫ్రిజ్, దాని పక్కన డ్రమ్ము. అది పాడైపోయిన వాషింగ్ మెషీన్‌లోంచి నేనే ఊడదీయించి, స్టాండుకు బిగించి, పిడి పెట్టించినది. దాని ఒంటినిండా చిల్లులే. లోపలి కాగితాలు బయటికి కనబడతాయి. ఆ సంగతి నాకు ఆ క్షణందాకా తట్టలేదు.

ముందు వరుసలో మా బజారు టైలరు కూర్చున్నాడు. పని చూసి ఒకరు, నోరు చూసి ఇంకొకరు అతన్ని కత్తెర అంటారు.

"ఏం షావుకారూ! ఫ్రిజ్ నీది, డ్రమ్ము నీది, చీటీ తీసే పిల్ల నీ మేనకోడలు. మా వంతుకు చప్పట్లేనా?" అన్నాడు. అందరూ నవ్వారు.

"నీ వంతుకు నోరుందిగా, చాలదా?" అన్నాను.

"ఆ నోటితోనే నూట నలభై టికెట్లు అమ్మాను బాబూ. గుండీ కుట్టించుకుందామని వచ్చినవాణ్ని కూడా వదల్లేదు. ఇందులో మోసం ఉండదు, చిట్టి వాళ్లమ్మ చేయిస్తోంది అని చెప్పి మరీ అమ్మాను." అతను మెడ చాచి చూశాడు. "ఔను గాని, ఆరు వందలు కూడా దాటలేదన్నారే! డ్రమ్ము గొంతుదాకా నిండిందేంటి?"

"కాగితం మడతలు విప్పుకుంటే అంతే," అన్నాను.

తెర వెనక్కి వెళ్లి లెక్క వేశాను. నాలుగు వందల పన్నెండు యాభైలు, ఇరవై వేల ఆరు వందలు. అవన్నీ నేనే కొనేస్తే? అప్పుడవి ఖాళీవి కావు, నావి. మోకాలిమీద పెట్టుకుని చెక్కు రాసి జేబులో పడేశాను. ఊపిరి సర్దుకుంది. మరుక్షణమే ఇంకో లెక్క అడ్డం వచ్చింది. నా ముక్క వస్తే నా ఫ్రిజ్ నేనే గెలిచినట్టు. కత్తెర బతకనిస్తాడా?

"అన్నయ్యా, రా! మొదలుపెడుతున్నాం," అని చెల్లెలు పిలిచింది.

చిట్టి పిడి తిప్పింది. ఇప్పుడు దానికి ఎనిమిదేళ్లు, రెండు జడలు వేసుకునేంత జుట్టు వచ్చింది. మూత తీసి, కళ్లు మూసుకుని, చెయ్యి పెట్టింది. ముక్క తీసి చూసింది, తిప్పి చూసింది. ఎదురుగా మైకు.

"మామయ్యా, దీంట్లో పేరు లేదు."

మూడు వందల మందీ విన్నారు.

"అది... అది నేను కొన్నదే. పేరు రాయడం మర్చిపోయాను. ఇంకోటి తియ్యమ్మా," అన్నాను.

ఇంకోటి తీసింది. "ఇదీ ఖాళీయే." ఎవరూ అడగకుండానే మూడోది కూడా తీసింది. "ఇదీ అంతే, మామయ్యా!"

కత్తెర లేచి నిలబడ్డాడు. ఈసారి నవ్వు లేదు. "ఎన్ని కొన్నారేంటి, షావుకారు గారూ?"

అతను నన్ను 'గారూ' అనడం అదే మొదలు.

"నాలుగు వందల పన్నెండు."

"ఎప్పుడు?"

జేబులో చెక్కుంది, దానిమీద ఆ రోజు తేదీ ఉంది. డ్రాకు ముందే కొన్నానంటే కాదనేవాడు లేడు. నోరు తెరిచాను. చెల్లెలు నా పక్కకు వచ్చి, మైకుకు చెయ్యి అడ్డం పెట్టి, మెల్లగా అంది. "నిజం చెప్పు అన్నయ్యా. ఆ డబ్బాలమీద ఉన్నది నా పేరు."

చెప్పాను. గుమాస్తాను టీకి పంపిన దగ్గర్నుంచి తెర వెనక రాసిన చెక్కుదాకా అంతా చెప్పాను. హాలు గోలెత్తిపోయింది. "మా యాభై మాకు పారేయండి!" అని ఎవరో అరిచారు. కత్తెర చెయ్యెత్తి వాళ్లను ఆపాడు.

"ఒక్క మాట. ఉన్నవాడివి. తక్కువైందేదో నువ్వే ఇచ్చేయొచ్చుగా? ఇంత తిప్పలెందుకు?"

"ఇవ్వడానికి మనసు రాలేదు," అన్నాను.

అంతకంటే మంచి జవాబు వెతికితే దొరికేదే. కాని నిజం అదే.

చెల్లెలు మైకు తీసుకుంది. "డ్రమ్ము బల్లమీద బోర్లించండి. అందరూ ముందుకొచ్చి చూడండి. పేరున్నవే మళ్లీ లోపలికి వెళ్తాయి." కత్తెర అమ్మకాల పుస్తకం ముందేసుకుని ఒక్కో నంబరూ పైకి చదివాడు. ఖాళీ ముక్కలన్నీ నాచేతే చింపించారు. నలభై నిమిషాలు పట్టింది. కొందరు విసవిసా వెళ్లిపోయారు, టికెట్లు మాత్రం పక్కవాళ్ల చేతిలో పెట్టి, చూస్తూండమని చెప్పి మరీ వెళ్లారు.

చిట్టి మళ్లీ చెయ్యి పెట్టింది. ఒక బస్సు కండక్టరు భార్య పేరు వచ్చింది. ఆవిడ ఫ్రిజ్‌కు ప్లగ్గు పెట్టించి, లోపల లైటు వెలిగేదాకా కాగితంమీద సంతకం పెట్టలేదు. ముప్పై ఏళ్లలో నా సరుకును అలా పరీక్ష చేసి తీసుకెళ్లినవాళ్లు లేరు.

చెక్కును చెల్లెలు తీసుకుంది. దానితో కలిపి టికెట్ల డబ్బు యాభై వేలు. ఇంకా పదిహేను వేలు తక్కువ. డాక్టరమ్మ పదకొండు నెలలకు లెక్క చూసుకుని ఆ అమ్మాయిని చేర్చుకుంది.

సోమవారం పదకొండు కొట్లవాళ్లు డబ్బాలు తిరిగి పంపేశారు. చెల్లెలు వాటిని సంచిలో వేసుకుని వచ్చి నా కౌంటరు మీద పెట్టింది.

"ఆ పదిహేను వేలూ నేనిస్తానమ్మా," అన్నాను.

"వద్దు. నువ్విస్తే నీ తప్పు మాసిపోతుంది, నా డబ్బాలు తిరిగి వెళ్లవు. ఇవి ఎక్కడినుంచి వచ్చాయో అక్కడే పెట్టించు. పన్నెండో నెల జీతం వీటిలోంచే రావాలి."

మూడు వారాలు తిరిగాను. నేను డబ్బు అడగడానికి కొట్టు మెట్లెక్కడం అదే మొదలు కాదు, కాని నన్ను గుమ్మంలో నిలబెట్టి మాట్లాడటం అదే మొదలు. పది పెట్టించాను. పదకొండోది కత్తెరది.

మొదటి రోజు కోటు కొలతలు తీస్తున్నానన్నాడు. రెండో రోజు దారం అయిపోయిందన్నాడు. మూడో రోజు, "రేపు రా, రేపు కూడా పెట్టనివ్వకపోవచ్చు," అన్నాడు. నా కొట్టు తెరవకముందే రోజూ వెళ్లి, డబ్బా చేత్తో పట్టుకుని, అతని గుమ్మంలో నిలబడేవాణ్ని.

తొమ్మిదో రోజున అతను మిషను ఆపకుండానే, తల ఎత్తకుండానే, కౌంటరు మీది గుండీల పెట్టెను జానెడు పక్కకు జరిపాడు.

ఆ జానెడు చోటులో డబ్బా పెట్టాను. ఖాళీగా ఎందుకని జేబులో చెయ్యి పెట్టాను.

"నీది వద్దు," అని లేచి, గల్లాపెట్టెలోంచి ఒక నాణెం తీసి తనే వేశాడు.