పద్మలత సాక్ష్యం

ఆదివారం పొద్దుగాల పద్మలత తెల్లచీర పరిచి ఇస్త్రీ చేస్తున్నది. వాళ్ల చర్చిల ఆడోళ్లంత ఆదివారం తెల్లచీరనే కట్టాలె. మూడు నెల్లసంది ఆ చీర చూస్తేనే ఆమెకు గుండె దడ. ఏడ మరక పడ్తదో, ఎవరి కంట్ల పడ్తదో!

"జల్ది కానియ్యి. దేవుడు బాగుచేసిండని ఇయ్యాల చర్చిల సాక్ష్యం చెప్పేది నువ్వే," అన్నడు మొగడు నిరంజన్, గుండీలు పెట్టుకుంట.

నిరంజన్ బొగ్గుబాయిల పని చేస్తడు. ఇంటికొస్తే మంచినీళ్లు గూడ చేతికే అందాలె. గర్భసంచిల గడ్డలున్నయి, అందుకే రక్తం ఆగుతలేదు, ఆపరేషన్ చెయ్యాలె అని డాక్టరమ్మ చెప్పిననాడు ఆయన అడిగిన మొదటి మాట, "ఎన్ని రోజులు పని చెయ్యరాదు?" అని. నెలన్నర అన్నది ఆమె. ఇంటికొచ్చి చెప్తే అత్త ఎల్లక్క మూతి తిప్పింది. తనకూ గివన్నీ అయినయట, నాట్లేసుకుంటనే ముగ్గుర్ని కన్నదట, ఏనాడన్న మంచమెక్కిందా అట! ఆ ఎల్లక్క మోకాళ్లకు పొద్దుమాపు నూనె రాసేది ఎవరో? పద్మలతనే. ఆ చేతులు నెలన్నర ఆగితే ఇల్లు ఏంగావాలె? ఇంట్లోళ్ల ఫికరంత ఆమె రోగం గురించి కాదు, ఆమె మంచమెక్కుడు గురించే.

పోయిన నెల పాస్టరయ్య ఇంటికొచ్చి తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసిండు. పన్నెండేండ్లు రక్తం పోయిన ఒకామె యేసయ్య బట్ట అంచు ముట్టి బాగైన సంగతి చెప్పి, నమ్మితే నీకూ అట్లనే అయితదన్నడు. మంచి మనిషే, మనసుపెట్టే దేవుణ్ణి అడిగిండు. రెండు రోజులు నిజంగనే రక్తం ఆగింది. పద్మలత సంబురపడి ఆ మాటే మొగనికి చెప్పింది. ఆయన బస్తీ అంత చాటిచ్చిండు: దేవుడు ముట్టిండు, ఇగ కోత లేదు, కుట్టు లేదు అని. మూడోనాడు మళ్ల షురువైంది. ఆ సంగతి చెప్తే మొఖం మాడ్చుకున్నడు.

"నీకే విశ్వాసం తక్కువ. నోర్మూసుకో, నలుగుట్ల నా ఇజ్జత్ తియ్యకు."

నోరు మూసుకున్నది. పాత బట్టలు మడిచి పెట్టుకుంట, మెట్లెక్కితే ఆయాసపడుకుంట నెల గడిపింది. మొన్న కూరగాయలకని చెప్పి ఒక్కతే దవాఖానకు పోయింది. డాక్టరమ్మ కండ్లకింది రెప్ప గుంజి చూసి తిట్టింది. సోమవారం వచ్చి జాయినవ్వాలె, రక్తం ఎక్కించాలె, ఇంక ఆగితే పానం మీదికొస్తదన్నది. ఆమె రాసిచ్చిన చీటీని పద్మలత బైబిల్ల దాసుకున్నది. దాసుకున్నాక పాస్టరయ్య చెప్పిన కథ ఎతికి మొదటిసారి తనంతల తానే చదివింది. మళ్ల చదివింది. అందుల తనకెవ్వరూ చెప్పని సంగతులు శానా ఉన్నయి.

ఇయ్యాల సాక్ష్యం చెప్తే రేపు దవాఖానకు ఏ మొఖం పెట్టుకొని పోతది? నయమైందని మైకుల చెప్పినామెను ఎవరు పోనిస్తరు?

రేకుల చర్చి నిండ జనం. చాపమీద కూసున్న పద్మలతకు పాటల నడుమనే తెలిసింది, చీరకు రక్తం అంటింది. అప్పుడే పాస్టరయ్య పేరు పిలిచిండు. ఎల్లక్క మోచేత్తో పొడిచింది. పద్మలత కొంగు ఎనుకకు గుంజి పట్టుకొని లేచింది. మొగోళ్ల దిక్కు నిరంజన్ మీసం దువ్వుకుంట నవ్వుతుండు.

ఒక చేత్తో మైకు అందుకున్నది.

"పాస్టరయ్య చెప్పిన ఆమె కథ నేను చదివిన. ఆమె మొగన్ని అడిగిందని ఏడ లేదు, అత్తను అడిగిందని లేదు. ఆ రక్తంతోనే జనంల దూరి తనంతల తానే పోయింది. నన్ను ఎవరు ముట్టిండ్రని యేసయ్య అడిగితే, వణుక్కుంటనే ఉన్నదంత చెప్పింది. నేను గూడ చెప్తున్న. నాకు తక్కువ గాలే, రక్తం ఇంక పోతనే ఉన్నది."

కూసో అని నిరంజన్ చెయ్యి ఊపిండు. పాస్టరయ్య ఆయన దిక్కు చూసి, చెప్పనియ్యి అన్నట్టు తల ఊపిండు.

పద్మలత కొంగు ఇడిసిపెట్టింది. ఎనుక ఉన్నోళ్లు చూస్తే చూడనీ అనుకున్నది.

"రేపు పొద్దుగాల దవాఖాన్ల జాయినైతున్న. అందరు ప్రార్థన చెయ్యిండ్రి. నా పానం కోసం చెయ్యిండ్రి, మా ఇంట్ల వంట కోసం గాదు."