మొప్పకు గుచ్చిన బిళ్ల

"పొలుసు తియ్యాలా? ముళ్లు తీసి ఇవ్వాలా? తల ఉంచమంటారా, తీసెయ్యమంటారా?" రేవు సంతలో చేపలు కొన్న ప్రతివాళ్లూ సొజిగ్ నోట ఈ మాటలు వినాల్సిందే. ఈస్టరు నాటికి ఆ మాటలు వినేవాళ్లే కరువయ్యారు.

అంతా కొరంటాన్ చలవ. రేవు ఒడ్డున పెద్ద హోటలు అతనిది. చవగ్గా దొరికాయని ఎక్కడో కొన్న ఆల్చిప్పలు ఒక పెళ్లివిందులో వండిపెట్టి పెళ్లివారినందరినీ మంచాన పడేశాడు. అడిగినవాళ్లకల్లా "సొజిగ్ దగ్గర కొన్నవే" అని చెప్పాడు. ఊరు నమ్మింది. సొజిగ్ వాళ్ల అమ్మ కాలం నుంచీ నడుస్తున్న ఆ చేపల బల్లను ఉంచాలా, ఎత్తించాలా అని సంత కమిటీ ఆలోచనలో పడింది.

సిగ్గున్నవాడైతే మళ్లీ ఆ దరిదాపులకు రాడు. కొరంటాన్ మాత్రం శనివారం శనివారం బకెట్టు పట్టుకుని దిగేవాడు. సూపుకని చేప తలలు అడిగితే ఊరికే ఇవ్వడం అక్కడి ఆనవాయితీ.

"ఏం సొజిగ్, బేరాలు పలచబడ్డట్టున్నాయే?" అన్నాడు ఒక శనివారం.

"మీ దయ."

"గాలం బార్ తలలు వెయ్యి. మొప్పకున్న బిళ్లలు పీకకు, అలాగే ఉండనీ."

గాలంతో పట్టిన బార్ చేపకు జాలరి మొప్పలో ప్లాస్టిక్ బిళ్ల గుచ్చుతాడు. దాని నంబరు ఫోన్లో కొడితే ఏ పడవ పట్టిందో వస్తుంది. బిళ్ల ఉన్న చేప ముందు పంజరాల్లో మేపిన చేప ఎందుకూ కొరగాదు. మరి సూపులోకి బిళ్లలెందుకు? పెంపకం చేపకు గుచ్చి గాలం చేప ధర గుంజడానికేనని సొజిగ్‌కు అర్థమైంది. చాన్నాళ్లకు ఆమెకు కడుపారా నవ్వొచ్చింది.

ఆ సాయంత్రమే బాబాయి కొడుకు యువెన్ ఇంటికెళ్లింది. అతని పడవ మారీ-జాన్ అడుగు చివికి, నవంబరులో సకల పునీతుల పండుగ నాడే నీళ్లు వదిలి గట్టు మీదికి చేరింది. మిగిలిన బిళ్లలు డబ్బాలో పడి ఉన్నాయి. సంగతంతా విని యువెన్ తల గోక్కున్నాడు.

"ఇది పాపం కాదంటావా అక్కా?"

"పాపమే. చెప్పుకోవడానికి ఫాదరు గారున్నారుగా."

తర్వాతి శనివారం బకెట్లో పడిన తలలన్నిటికీ మారీ-జాన్ బిళ్లలే ఉన్నాయి. కొరంటాన్ నంబర్ల వంక కన్నెత్తి చూడలేదు. మరునాడు మధ్యాహ్నం కమిటీవాళ్లు అతని హోటల్లోనే భోజనానికి కూర్చున్నారు. పక్క బల్ల దగ్గర, చర్చికి వేసుకునే నల్లకోటుతో సొజిగ్ కూర్చుంది. పెద్దల ముందు పొమ్మనలేక కొరంటాన్ తనే వచ్చాడు.

"ఏం తీసుకుంటారు?"

"గాలం బార్. ముక్క కాదు, పూర్తి చేప. ఉప్పులో కప్పి కాల్చాలి, కాబట్టి పొలుసు తియ్యద్దు. తల ఉండాలి. వండేముందు పచ్చిది తెచ్చి చూపించండి."

అడిగితే చూపించడం అక్కడి హోటళ్ల మర్యాద. కొరంటాన్ పళ్లెంలో చేపను తెచ్చి, బిళ్ల అందరికీ కనబడేలా తిప్పాడు.

"మదాం రియూ," అని సొజిగ్ కమిటీ పెద్దావిడను పిలిచింది. "కళ్లజోడు మరిచిపోయి వచ్చాను. ఈ నంబరు కాస్త మీ ఫోన్లో కొడతారా? పట్టినవాణ్ణి తలుచుకుని తింటాను."

ఆవిడ కొట్టింది. "మారీ-జాన్" అని చదివి, కిటికీలోంచి చూసింది. అందరూ చూశారు. ఎదురుగా గట్టు మీద దుంగలకు ఆనించి ఉంది మారీ-జాన్. అడుగు పలకలు ఊడదీసిన చోటు నుంచి అవతలి గోడ కనిపిస్తోంది.

"నేల మీద నడిచెళ్లి పట్టిందేమో," అన్నారెవరో.

కొరంటాన్ మొహం కందగడ్డ అయింది. "ఆ బిళ్ల నువ్విచ్చిన తలలదేగా!" అన్నాడు సొజిగ్‌తో. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం.

"అంటే ఈ చేపది కాదన్నమాట." మదాం రియూ తన ముందున్న పళ్లెం పక్కకు నెట్టింది. "పెళ్లివిందు ఆల్చిప్పలు కూడా సొజిగ్‌వే అన్నావు. అవి నిజంగా ఎక్కడివి కొరంటాన్?"

కొరంటాన్ బిళ్ల కనబడకుండా చేపను అటు తిప్పాడు. సొజిగ్ మనసులో కాస్త జాలి ఉందేమోనని వెతుక్కుంది. దొరకలేదు. లేచి, ఒళ్లో గుడ్డ మడిచి బల్ల మీద పెట్టి, సంతలో అందరినీ అడిగే గొంతుతోనే అతణ్ణి అడిగింది.

"తల ఉంచమంటారా, తీసెయ్యమంటారా?"