ఎర్మెస్‌కి గాలి దారిచ్చిన ఆదివారం

ఇటలీలో సెక్కియా నదికీ పనారో నదికీ నడుమ పరుచుకున్న ద్రాక్షతోటల సీమలో గాలి ఒక్క మనిషికే భయపడుతుంది. ఆ మనిషి ఎర్మెస్ బెల్లోడి. ఆయన సైకిలెక్కి హ్యాండిలు మీదకి వంగితే చాలు, ఎంతటి గాలైనా పక్కకి జరిగి, "తమరు దయచెయ్యండి" అంటుంది. ఈ మాట ఎవరన్నారంటే, ఎర్మెస్సే అన్నాడు. డెబ్బై దాటిన మనిషి, రైతుల సొసైటీ వైను మిల్లులో పీపాలు కడిగి కడిగి అరిగిపోయినవాడు, అంత ధీమాగా చెప్తుంటే కాదనడమెందుకని మేమూ ఊరుకున్నాం.

మా వైపు కొండల్లేవు. నేలమీద ద్రాక్షపండు పెడితే అది ఎటు దొర్లాలో తోచక అక్కడే ఎండిపోతుంది. ఎక్కడానికి ఉన్నవల్లా ఏటిగట్టూ, పెద్దరోడ్డు మీది వంతెనా. అందుకని మా సైకిలు జనానికి గాలే కొండ. అసలు కొండైతే ఉన్నచోటే ఉంటుంది, ఇది రోజుకో దిక్కున మొలుస్తుంది. దాన్ని ఒక్కడే మొయ్యకూడదని మాకొక పద్ధతుంది. ఆదివారం పొద్దున్నే గుంపుగా బయల్దేరతారు. ఒకడు ముందుండి గాలిని కోస్తాడు, మిగతావాళ్ళు ఒకరి వెనక చక్రానికి జానెడు దూరంలో ఒకరు నక్కి వస్తారు. ముందువాడు అలిసిపోతే మోచెయ్యి ఒకసారి ఆడిస్తాడు. అంటే, "ఇక నీ వంతు" అని. నోరు విప్పక్కర్లేదు. ఆ మోచెయ్యి ఆడించనివాడు గర్విష్టి, వంతొచ్చినా ముందుకి రానివాడు తేరతిండిగాడు. రెండు రకాలవాళ్ళకీ మా ఊళ్ళో పిల్లనివ్వరు.

ఆ సెప్టెంబరు ఆదివారం ఎర్మెస్‌కి మామూలు ఆదివారం కాదు. చలికాలంలో కుడి మోకాలికి ఆపరేషనయింది. చిప్ప తీసేసి కొత్తది బిగించారు. అప్పట్నుంచీ వంటింటికీ వాకిలికీ మధ్య తిరగడమే ఆయన లోకసంచారం. ఆ వాకిట్లోనే, గోడకి ఆనించి, పాత దుప్పటి కప్పుకుని ఒక బ్యాటరీ సైకిలు నిలబడి ఉంది. భార్య ఆర్జియా తెప్పించింది, నచ్చకపోతే వెనక్కిచ్చే ఏర్పాటు మీద. ఎర్మెస్ దాని ముందునుంచి పోవలసివస్తే, పడని చుట్టం ఎదురైనట్టు మొహం తిప్పుకునేవాడు.

"ఇదిగో, విను," అంది ఆర్జియా, పొయ్యి మీంచి కాఫీ దించుతూ. "ఇవాళ ఉత్తరాన ఆ పో నది దాకా వెళ్ళి నీ కాళ్ళతో నువ్వు తిరిగొచ్చావా, దుప్పటి కిందున్నదాన్ని వెనక్కి పంపించేస్తా. దార్లో కూలబడి వ్యాను తీసుకురమ్మని ఫోన్ చేశావా, ఇక జన్మంతా బ్యాటరీయే. నీ పాత సైకిలు కోళ్ళగూటి మీదకి ఎక్కుతుంది."

"ఎక్కించు. కోళ్ళు తొక్కుకుంటాయి."

"నీకన్నా నయంగా తొక్కుతాయి. మాటేనా?"

"మాటే. నువ్వు ఫోన్ పక్కన పీట వేసుకుని కూచో. మోగదు."

"నాకు కూచునే తీరికెక్కడిది? ఇవాళ మా అన్నయ్య తోట కోత. జేబులో పెట్టుకుంటాలే."

ఊరి కాఫీ కొట్టు ముందు పది పన్నెండు మంది చేరారు. గుంపుకి పెద్ద లువానా, ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు ఆవిడదే. యాభై ఏళ్ళకి కూడా ఆవిడ పిక్కలు చూస్తే జాకీలు గుర్తొస్తాయి. ఆవిడ పక్కనే ఓరియానో, రొట్టెల బట్టీవాడు, ఎర్మెస్‌తో కలిసి బళ్ళో బెంచీ విరగ్గొట్టిన స్నేహితుడు.

"ఒరే, మెల్లిగా రా," అన్నాడు ఓరియానో. "నీ కొత్త మోకాలికి ఇంకా దారి తెలీదు."

"నీ పాత మోకాలికి తెలిసి మాత్రం ఏం లాభం రా," అన్నాడు ఎర్మెస్.

ఏటిగట్టు ఎక్కి ఉత్తరానికి తిరిగారు. రెండు వైపులా ద్రాక్షతీగల వరసలు, ఆకుల అంచులు అప్పుడే ఎర్రబడుతున్నాయి. కాలవల్లో కొంగలు ఒంటికాలి మీద నిలబడి వీళ్ళ రెండుకాళ్ళ అవస్థ చూస్తున్నాయి. కాస్త దూరం పోయాక ఎర్మెస్‌కి ఒళ్ళు తేలికపడింది. మోకాలు నొప్పి లేదు. పెడలు మీద పాదం పెడితే అదే తిరుగుతోంది. చెవుల్లో హోరు లేదు, చెయిను చప్పుడొక్కటే, కుట్టుమిషనులా. గేరు ఒకటి పెంచాడు, ఇంకోటి పెంచాడు, అందరికంటే ముందుకి పోయి కూచున్నాడు.

ఇక మోచెయ్యి ఆడిస్తే ఒట్టు.

వెనకనుంచి లువానా కేకేసింది. "పెద్దాయనా, మార్చింది మోకాలన్నారు. మోచెయ్యి కూడా బిగించి పంపారా?"

"అలిసిపోతే చెప్పండమ్మా, నెమ్మది చేస్తా," అన్నాడాయన, తల తిప్పకుండానే.

అలా నది దాకా ఆయనే లాగాడు. దారిలో తగిలిన ప్రతి ఊరి పేరుబోర్డు దగ్గరా అందరికంటే ముందు తన చక్రమే దాటేటట్టు చూసుకున్నాడు. ఇంటికి పోగానే దుప్పటి తీసి మడతపెట్టి ఆర్జియా చేతికి ఎలా ఇవ్వాలో, ఇచ్చేటప్పుడు మొహం ఎంత గంభీరంగా పెట్టాలో కూడా ఆలోచించుకున్నాడు.

పో నది గట్టు మీద కొట్టు ముందు బల్లలు వేసి ఉన్నాయి. వేయించిన చిన్నచేపలు, సాసేజి ముక్కలు పెట్టిన రొట్టె, తెల్ల పింగాణీ గిన్నెల్లో ఎర్రటి నురగ కక్కే లంబ్రూస్కో వైను. ఎర్మెస్ గిన్నె ఎత్తి అందరివైపూ చూశాడు.

"చూశారుగా. గాలి ఎలా తప్పుకుందో."

ఓరియానో చేప నములుతూ గట్టు కింద వరసగా ఉన్న పొడుగాటి చెట్లకేసి గడ్డం చూపించాడు. "ఒరే, ఆ చెట్లు ఎటు వంగున్నాయి?"

"నది కేసి."

"మనం ఎటు వచ్చాం?"

"నది కేసి."

"ఇప్పుడెటు పోవాలి?"

ఎర్మెస్ చేతిలో చేప నోటిదాకా వచ్చి ఆగింది.

మా నేల మీద పుట్టినవాళ్ళు మాత్రమే చేసే తప్పు అది. దక్షిణాన దూరంగా ఉన్న కొండల మీంచి వేడిగాలి దిగే రోజున, వెనకనుంచి వస్తుంది గనక అది చెవికి వినపడదు. చెవి నిశ్శబ్దంగా ఉంటే కాళ్ళు తమ గొప్పే అనుకుంటాయి. గాలి ఎర్మెస్‌కి దారివ్వనూ లేదు, దయచెయ్యమననూ లేదు. వీపు మీద చెయ్యేసి, పెళ్ళికొడుకుని పీటల మీదకి తోసినట్టు తోసుకొచ్చింది. మొదట్లో నేను చెప్పిన మాట ఇక మీరు కొట్టేసుకోవచ్చు.

తిరుగుదారిలో గాలి అసలు మొహం చూపించింది. లువానా ముందుకెళ్ళి తల వంచి దున్నడం మొదలుపెట్టింది. మిగతావాళ్ళు వంతులవారీగా మోచేతులాడిస్తూ లాగుతున్నారు. "నా వెనక ఉండరా," అన్నాడు ఓరియానో. ఉన్నాడు, కాసేపు. కాని వచ్చేటప్పుడు ఊరూరా బోర్డుల దగ్గర పారేసుకున్న బలం మళ్ళీ ఎక్కణ్ణించి వస్తుంది? ముందు చక్రానికీ తనకీ మధ్య జానెడు దూరం మూరెడయింది, మూరెడు బారెడయింది. ఒకసారి సందిచ్చామా, గాలి అందులో ఇల్లు కట్టుకుంటుంది.

"చెయిను జారింది," అని అరిచాడు ఎర్మెస్. "మీరు పదండి, అందుకుంటా."

చెయిను శుభ్రంగా ఉంది. కాని పొద్దున అంత మాటన్న నోటితో ఆగమని ఎలా అంటాడు? వెనకబడ్డవాళ్ళ కోసం పెద్ద వంతెన దగ్గర ఆగడం గుంపుకి అలవాటే గనక, వాళ్ళు సరేనని పోయారు.

ఒక్కడే మిగిలాడు. ఇంకాస్త తొక్కాడు. చెవుల్లో వైను మిల్లు యంత్రాలన్నీ ఒక్కసారి తిప్పినంత హోరు. చివరికొక మైలురాయి మీద కాలు మోపి ఆగిపోయాడు. మోకాలు పరవాలేదు, తొడలే వణుకుతున్నాయి. జేబులోంచి ఫోన్ తీశాడు. ఆర్జియా పేరు మీద బొటనవేలు పెట్టాడు, నొక్కలేదు.

బ్యాటరీ సైకిలు చెడ్డదని కాదు. అవి ఎక్కినవాళ్ళని ఆయన చూశాడు. ఎదురుగాలిలో కూడా నవ్వుకుంటూ, కబుర్లాడుకుంటూ పోతారు. గాలిని తిట్టకుండా ఇంటికొచ్చే మనిషి సైకిలు తొక్కినట్టెలా అవుతుంది? బతికినన్నాళ్ళూ తిట్టిన గాలి, ఇక తనని పట్టించుకోకుండా పక్కనుంచి పోతుంటే చూస్తూ ఎలా ఉండడం?

బొటనవేలు ఇంకా అక్కడే ఉండగా, పక్క తోట దారిలోంచి ఒక ట్రాక్టరు రోడ్డెక్కింది. వెనక పెద్ద ఇనప తొట్టి, దాన్నిండా ద్రాక్ష, పైన పొర్లిపోతూ. తోలేవాళ్ళ తల కూడా కనపడనంత ఎత్తు. ఎర్మెస్ బుర్ర ఆలోచించేలోపలే చెయ్యి ఫోన్ జేబులో తోసేసింది, కాళ్ళు పరిగెత్తాయి. చావో రేవో అన్నట్టు నాలుగు తొక్కుళ్ళు తొక్కి తొట్టి వెనక దూరాడు.

హోరు ఆగిపోయింది. తలుపు మూసినట్టు.

తొట్టి అంచునుంచి రసం కారుతోంది. చొక్కా మీద, గడ్డం మీద, కొత్త మోకాలి మీద పడుతోంది. తుడుచుకోడానికి చెయ్యి వదిలితే చక్రం వదిలిపోతుంది, అందుకని నాకేశాడు. తియ్యగానే ఉంది. ఈలోగా ఆ తీపి వాసనకి కందిరీగలు దిగాయి. వందలకొద్దీ, దండులాగా, ఆయన చుట్టూ గొడుగు పట్టి ఊరేగించాయి. ఒక్కటీ కుట్టలేదు.

ట్రాక్టరు మాత్రం విచిత్రమైంది. ఆయనకి ఊపిరి అందనప్పుడల్లా దానికీ అందనట్టే నెమ్మదిస్తోంది. ఆయన తేరుకుంటే అదీ తేరుకుంటోంది. పెద్దరోడ్డు వంతెన ఎక్కేటప్పుడైతే నడిచే మనిషి దాటిపోయేంత మెల్లిగా ఎక్కింది. "పాపం, ముసలి ఇంజను," అనుకున్నాడు ఎర్మెస్, దాని మీద జాలిపడి. "పోనీలే, నెమ్మదిగానే కానీ. నేనున్నాగా."

వంతెన దిగేచోట గుంపు ఆగి ఉంది. ఊదారంగు మనిషొకడు ట్రాక్టరు వెనక వస్తుంటే ముందు ఎవరూ పోల్చుకోలేదు.

"ఎర్మెస్, ఆ రక్తమేంట్రా?" అన్నాడు ఓరియానో, మొహం పాలిపోయి.

"రక్తం కాదు, ద్రాక్ష. వెనక చేరండి, చోటుంది."

చేరారు. అలా ట్రాక్టరూ, తొట్టీ, ఎర్మెస్సూ, ఆయన చక్రం పట్టుకుని లువానా మొదలు అందరూ, ఒక్క తోకలాగా ఊళ్ళోకి వచ్చారు. ట్రాక్టరు సొసైటీ మిల్లు వాకిట్లోకి తిరిగి కాటా మీద ఆగింది. ఎర్మెస్ సైకిలు దిగి, తోలినవాడికి దండం పెడదామని ముందుకి నడిచాడు.

దిగింది ఆర్జియా. తలకి కోత గుడ్డ కట్టుకుని ఉంది.

"ఫోన్ మోగలేదు," అంది.

"మోగలేదు," అన్నాడు ఎర్మెస్.

"చేతిలో పట్టుకుని నిలబడటం చూశాలే, మా అన్నయ్య తోటలోంచి. వదిన భోంచేసి వెళ్ళమంటున్నా వినకుండా బయల్దేరా."

"మరి వంతెన మీద ఇంజను మొరాయించిందిగా?"

లువానా కల్పించుకుంది. "అది నా చేత్తో విప్పి బిగించిన ఇంజను పెద్దాయనా. ఏనుగుని కట్టినా మొరాయించదు."

అందరూ నవ్వారు. ఎర్మెస్ నవ్వలేదు. గడ్డం మీది రసం ఆరిపోయి చర్మం బిగుసుకుంటోంది. ఆర్జియాకేసి చూశాడు.

"అంటే, నన్ను నువ్వు తెచ్చావన్నమాట."

"నేను తెచ్చింది ద్రాక్ష. నువ్వెలా వచ్చావో నువ్వే చెప్పు."

ఎర్మెస్ తన కాళ్ళకేసి చూసుకున్నాడు. ఓరియానో ఆయన భుజం మీద చెయ్యేసి, జిగురంటుకుంటే తీసేశాడు. "ఎవరి చక్రం పట్టుకున్నా తొక్కింది నీ కాళ్ళే కదరా. ప్రతి ఆదివారం మనందరం చేసేదీ అదేగా. ఇందులో సిగ్గేముంది?"

"సిగ్గుందని నేనన్నానా?" అన్నాడు ఎర్మెస్. "నా కాళ్ళతోనే వచ్చాను. మాట ప్రకారం నేనే గెలిచాను. ఆర్జియా, ఆ దుప్పటి కిందదాన్ని మాత్రం వెనక్కి పంపకు."

"ఎందుకు, తొడలు జావగారాయా?"

"నాకు కాదు. నువ్వెక్కు."

"నేనా? నేను సైకిలెక్కి నలభై ఏళ్ళయింది."

"గాలి కొయ్యడం నీకు చేతనయినట్టు ఈ గుంపులో ఎవరికీ చేతకాదు. అద్దంలో వెనకున్నవాడి ఊపిరి చూసి లాగావు. నేను పొద్దున నది దాకా లాగాను, వెనకెవరున్నారో ఒక్కసారీ తిరిగి చూడలేదు. వచ్చే ఆదివారం నుంచి ముందు నువ్వు, వెనక నేను. అలిసిపోతే మోచెయ్యి ఆడించు."

"బ్యాటరీ అలవదయ్యా."

"అలవకపోయినా ఆడించాలి. నాకూ ఒక వంతుండాలిగా."

ఆర్జియా తలగుడ్డ విప్పి దాంతో ఆయన గడ్డం తుడిచింది. మరక పోలేదు గాని, తుడుస్తూనే ఉంది.

ఇప్పుడు మీరు ఏ ఆదివారమైనా ఏటిగట్టు మీద నిలబడితే కనిపిస్తారు. ముందు ఆర్జియా, నిటారుగా, వంటింట్లో కూరకేసి చూసినట్టు రోడ్డుకేసి చూస్తూ. ఆవిడ వెనక జానెడు దూరంలో ఎర్మెస్, పాత సైకిలు మీద, గాలిని తిడుతూ. ప్రతి ఊరి బోర్డు దగ్గరికి రాగానే ఆవిడ మోచెయ్యి ఆడిస్తుంది. ఆయన ముందుకొచ్చి, బోర్డు దాకా లాగి, దాటి, తన మోచెయ్యి ఆడించి వెనక్కి వచ్చేస్తాడు. వెనకున్న మాకు ఎవరికీ తొందర లేదు.

ఇదంతా ఉన్నదున్నట్టే చెప్పాను. ట్రాక్టరు నిజం, రసం నిజం, వంతెన మీద నెమ్మదించడం ఆర్జియా నోటంట విన్న నిజం. కందిరీగల దండు ఒక్కటే నేను చేర్చింది. ఆ రోజు ఎర్మెస్ వెంట వచ్చినవి రెండు ఈగలు. అందులో ఒకటి దారిలోనే దిగిపోయింది.