ముద్రమ్మ ఆఖరి కట్ట

నూట పద్నాలుగో కాగితం మీద ‘సరి’ అని ముద్ర కొట్టి, ముద్రమ్మ చూపుడువేలు నాలిక్కి అద్దుకుంది. ఆవిడ అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. ఇరవయ్యేడేళ్లుగా అదే బల్ల, అదే కిటికీ, అదే దెబ్బ. ముద్ర ఎత్తీ దించీ కుడి భుజం ఎడమదానికంటే వేలెడు కిందికి జారింది. బొటనవేలి గోరు సందులో ఇంకిన ఊదా సిరా ఏ సబ్బుకూ లొంగలేదు.

పని చెప్పుకోవడానికి తేలికే. ఏటా ఇంటింటికీ ఒక ప్రశ్నల కాగితం వెళుతుంది. నచ్చిన రంగేది, నచ్చిన చప్పుడేది, సెలవునాడు ఏం చేస్తారు. జవాబులు వీధి చివర బోర్డు మీద ముందే రాసి ఉంటాయి. రంగు బూడిదరంగు, చప్పుడు పొద్దుటి సైరను, సెలవునాడు విశ్రాంతి. జనం చూసి దించేస్తారు. దించినవాళ్లది సరి. అలాంటి కట్టలు తెల్లదారంతో కొట్టుగదికి పోతాయి, అక్కడ వాటిని చదివే నాథుడు లేడు. వేరేగా రాసినవాళ్ల కాగితానికి మాత్రం ఎర్రదారం కట్టి పైఅంతస్తుకి పంపాలి.

కొత్తలో ముద్రమ్మ ఒక్క ఎర్రదారం కట్టింది, తన వీధిలో రొట్టెలు కాల్చేవాడికి. సెలవునాడు ఈల వేసుకుంటానని రాశాడు మహానుభావుడు. పైఅంతస్తువాళ్లు తీసుకెళ్లిన రెండు నెలలకి తిరిగొచ్చాడు. ఒంటి మీద దెబ్బ లేదు, మనిషి చిక్కనూ లేదు. రొట్టెలూ మునుపటిలాగే ఉన్నాయి. పొట్లం కట్టిచ్చేటప్పుడు మాత్రం పెదాలు కుట్టేసినట్టు బిగించుకునేవాడు.

ఆ కొట్టుకి వెళ్లడం మానేసింది ముద్రమ్మ. తన ఎర్రదారాన్ని సొరుగు అడుక్కి తోసేసి, ఆ తర్వాత ఏం వచ్చినా ‘సరి’ కొట్టింది. పచ్చరంగు ఇష్టమన్నా సరి, కప్పల అరుపు ఇష్టమన్నా సరి. మొగుడు పోయేదాకా మొగుడికీ చెప్పలేదు. రోజూ సాయంత్రం పెద్దగుమాస్తా కట్టలోంచి నాలుగు కాగితాలు లాగి చూసేవాడు. ఆ నాలుగూ బోర్డు చూసి రాసినవే కావాలని ఊపిరి బిగబట్టేది. ఇవాళ్టితో ఆ గండం గడిచినట్టే. ఉద్యోగానికి ఇదే ఆఖరి రోజు, ఇదే ఆఖరి కట్ట.

నూట పదిహేనోది తిప్పగానే చెయ్యి గాల్లో ఆగిపోయింది. గట్టు ఎక్కుతున్నట్టు పైపైకి పోయే ఆ అక్షరాలు ఆవిడే దిద్దించినవి. కాగితం కూతురింటిది. పిల్లల గడిలో ఎనిమిదేళ్ల మనవరాలు స్వయంగా రాసింది: ‘నాకు నచ్చిన చప్పుడు మా అమ్మమ్మ గురక. ముందు పిల్లిలా మొదలై తర్వాత లారీ అవుతుంది.’

నవ్వు ముంచుకొచ్చింది. దాని వెనకే ఒళ్లు చల్లబడింది. అయినవాళ్ల కాగితం ముట్టుకోకూడదు, పక్క బల్లకి ఇచ్చెయ్యాలి. అది రూలు. పక్క బల్లావిడ వచ్చి ఏడాది కాలేదు. ఎర్రదారం ఉండ ఆవిడ ముందు నిగనిగలాడుతూ ఉంది.

“ఏంటక్కా, అలా బిగుసుకుపోయావు?”

“ఏం లేదమ్మా, కళ్లు మసకలు.”

ముద్ర ఎత్తి కొట్టింది. ఎంత గట్టిగా కొట్టిందంటే సిరా కింది కాగితానికి కూడా అంటింది.

సాయంత్రం పెద్దగుమాస్తా వచ్చాడు. పొడుగాటి మనిషి, మెడదాకా గుండీలు పెట్టుకుని మాటకి ముందొకసారి, తర్వాతొకసారి గొంతు సవరించుకుంటాడు.

“ఆఖరి కట్ట కదా, మొత్తం చూస్తాను,” అని కుర్చీ లాక్కున్నాడు.

అప్పటికి పక్క బల్లావిడ వెళ్లిపోయింది. ఆయన ఒక్కొక్కటే తిప్పుతున్నాడు. నూట పదిహేను దగ్గర ఆగాడు. చదివాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు.

“గురక ఎవరిది?”

అబద్ధం నోటికి అందలేదు. “నాదేనండి.”

“నిజంగానే లారీ అవుతుందా?”

“అంటారండి. నేనెప్పుడూ వినలేదు.”

ఆయన గొంతు సవరించుకుని కిటికీలోంచి బయటికి చూశాడు. “నాది రైలంటుంది మా ఆవిడ. నేను ఊరెళితే నిద్ర పట్టదుట.” కాగితాన్ని జాగ్రత్తగా కట్ట నడిమిలోకి దూర్చాడు. “పంతొమ్మిదేళ్లుగా మీ కట్టలు చూస్తున్నానమ్మా. ఈ పట్నంలో పచ్చరంగు ఎంతమందికి ఇష్టమో నాకూ తెలుసు.”

“తెలిసీ ఎందుకండీ ఊరుకున్నారు?”

“నాకు చూపు ఆనదు కదా,” అంటూ సంతకం గీకి, తెల్లదారం రెండు చుట్లు చుట్టాడు.

ముద్రమ్మ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. గుండెల మీంచి తిరగలిరాయి ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. ఇన్నేళ్లూ ఒంటరిగా మోస్తున్నాననుకున్న బరువుకి రెండో కొస పట్టినవాడు ఎదురుగానే ఉన్నాడు.

“రేపట్నించి ఈ బల్ల?”

“పక్కావిడకే. మంచిదే, పాపం భయస్తురాలు. నేను చూసుకుంటాను,” అని లేస్తూ అన్నాడు. “అంటే, చూడకుండా చూసుకుంటాను.”

దండలూ లేవు, ఉపన్యాసాలూ లేవు. ముద్రమ్మ సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగింది. గేటు దగ్గర కూతురు నిలబడి ఉంది.

“ఏమ్మా, మొహం అలా ఉందేం? ఏడ్చావా?”

“లేదే, ఆకలేస్తోంది. ఇలా ఆకలేసి ఎన్నేళ్లయిందో!” అని కూతురి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటింది. వెనక్కి తిరిగి చూడలేదు.

మర్నాడు పొద్దున పక్క బల్లావిడ వచ్చి ఆ కుర్చీలో కూర్చోబోయి ఆగింది. కుర్చీ మీద ఉన్నది ఆఫీసులో అందరికీ ఇచ్చిన దూది దిండే. కాకపోతే ఇరవయ్యేడేళ్లు ఓ పక్కకి ఒరిగి ముద్ర కొట్టిన మనిషి బరువుకి, కుడివైపుగా లోతైన గుంత పడి ఉంది.